రూపాయికి రూపాయి కలిస్తే: పిల్లల పైచదువుకు మ్యాచింగ్ పొదుపు ఎంతవరకు ఆసరా?

చిలకలగూడలో మా వీధి చివర బట్టలు కుట్టే ఆమె కిందటి వారం ఒక కరపత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె కూతురు ఈ ఏడే తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. బడిలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు పంచిన కాగితం అది. "మేం వంద వేస్తే వాళ్లూ వంద వేస్తారటక్కా. నిజమేనా? ఊరికే ఎందుకు వేస్తారు?" అని అడిగింది.

కాగితంలో ఉన్న షరతులు నాలుగే. అమ్మాయి పేరిట ఖాతా తెరిచి నెలనెలా డబ్బు వేయాలి. వేసిన ప్రతి రూపాయికీ సంస్థ ఒక రూపాయి కలుపుతుంది కానీ ఏడాదికి 3,000 రూపాయలు మించి కలపదు. ఇంటర్ పూర్తయ్యాక ఆ సొమ్మును కాలేజీకే నేరుగా కడతారు. మధ్యలో డబ్బు తీస్తే, తీసినంత మొత్తానికి సంస్థ వాటా పోతుంది.

నిజమేనా అన్నదానికి జవాబు తేలిక. నిజమే, ఇలాంటి పథకాలు కొన్ని దేశాల్లో రెండు దశాబ్దాలకు పైగా ఉన్నాయి. ఎందుకు వేస్తారు, వేస్తే మేలు ఎవరికి అన్నది మాత్రం కాస్త కూర్చుని తేల్చవలసిన లెక్క. ఫలితాలు, కౌన్సెలింగ్, ఫీజు బకాయిలు ఒకదాని వెంట ఒకటి వార్తల్లోకి వచ్చే ఊరు మనది. ఆ లెక్క చాలా ఇళ్లలో అవసరమే.

వడ్డీ వేరు, మ్యాచింగ్ వేరు

మన డబ్బు వాడుకున్నందుకు బ్యాంకు ఇచ్చేది వడ్డీ. మ్యాచింగ్ సొమ్ము ఇచ్చేవారు మన డబ్బును ముట్టుకోరు. మనం దాచినందుకు, దాచినదాన్ని ఫలానా పనికే వాడతామని ఒప్పుకున్నందుకు తమ వాటా కలుపుతారు. ఉద్యోగుల భవిష్యనిధి గుర్తు చేసుకుంటే ఇది ఇట్టే అర్థమవుతుంది. జీతంలో ఉద్యోగి వాటాగా 12 శాతం కోసుకుంటే, యజమాని మరో 12 శాతం కడతాడు. అందులో కొంత పింఛను నిధికి వెళ్తుంది. ఆ పద్ధతినే ఉద్యోగం లేని ఇంటికి, ముసలితనానికి బదులు చదువుకు వర్తింపజేస్తే మ్యాచింగ్ పొదుపు అవుతుంది.

రెండింటి బరువు ఎంత తేడాగా ఉంటుందో ఒక అంకె చాలు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 100 రూపాయల చొప్పున 5 ఏళ్లు కడితే అసలు 6,000. 6.7 శాతం వడ్డీ లెక్కన చివరికి చేతికి వచ్చేది సుమారు 7,137. అంటే ఐదేళ్ల ఓపికకు వడ్డీ 1,137 రూపాయలు. అదే 6,000కు రూపాయికి రూపాయి కలిస్తే వచ్చేది మరో 6,000.

ఇంత తేడా ఉంది కాబట్టే ఇచ్చేవాళ్లు షరతులు పెడతారు. పథకం పేరు ఏదైనా వాటిలో చూడవలసినవి నాలుగు: రూపాయికి ఎంత కలుపుతారు, ఏడాదికి ఎంత వరకు కలుపుతారు, ఎన్నాళ్లు ఆగాలి, దేనికి ఖర్చు పెట్టనిస్తారు. ప్రచారంలో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటిది. ఇంటికి నిజంగా తేడా తెచ్చేవి మిగిలిన మూడూ.

పదిహేనేళ్ల పిల్లకు చక్రవడ్డీ ఎందుకు అక్కరకు రాదు

"చిన్నప్పుడే మొదలుపెట్టండి" అని ఆర్థిక సలహాదారులు అందరూ చెబుతారు. నిజమే. ఏడాదికి 7 శాతం చొప్పున పెరిగే సొమ్ము 18 ఏళ్లలో దాదాపు మూడుంపావు రెట్లు దాటుతుంది. కానీ తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల ఇంట్లో ఆ పుట్టిననాటి పొదుపు లేకపోతే, ఇప్పుడు మిగిలిన మూడు నాలుగేళ్లలో వడ్డీ చేయగలిగింది చాలా తక్కువ. అదే 7 శాతంతో మూడేళ్లలో వంద రూపాయలు 122 అవుతాయి, అంతే.

మ్యాచింగ్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. వడ్డీకి కాలం కావాలి, మ్యాచింగ్‌కు అక్కర్లేదు. 20 శాతం మ్యాచింగ్ ఇచ్చే పథకంలో బిడ్డ పుట్టిన ఏడు వంద వేస్తే, ఆ అదనపు ఇరవై రూపాయలు 18 ఏళ్లకు పంచితే ఏడాదికి సుమారు 1 శాతం వడ్డీతో సమానం. అదే వంద పదిహేడో ఏట వేసి మరుసటి ఏడు తీస్తే, ఒక్క ఏడాదికి 20 శాతం. ఆలస్యంగా మేలుకున్న ఇంటికి, అంటే చాలా పేద ఇళ్లకు, యుక్తవయసు పిల్లల విషయంలో వడ్డీ కన్నా మ్యాచింగే పనికొచ్చేది ఇందుకే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది

అమెరికాలో సెయింట్ లూయీస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ షెరాడెన్ 1991లో ఒక వాదన ముందుకు తెచ్చారు. పేదలకు ప్రభుత్వం ఇచ్చే సాయం ఆ నెల తిండికీ అద్దెకూ సరిపోతుంది, కలవారికి ఇచ్చేది మాత్రం పన్ను రాయితీల రూపంలో ఆస్తిగా మారుతుంది అన్నది దాని సారం. చేతిలో కొంచెమైనా ఆస్తి ఉన్నవాడు రేపటి గురించి ఆలోచించే తీరే మారుతుందని, కాబట్టి పేదలు ఆస్తి కూడబెట్టుకోవడానికీ ప్రభుత్వం వాటా వేయాలని ఆయన అన్నారు.

ఇది మన దగ్గర ఎంత నిజమో చూడండి. ఏళ్ల తరబడి 80సీగా పేరుపడ్డ పన్ను మినహాయింపు ఉంది. పాత పన్ను విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న తండ్రి, కూతురి సుకన్య సమృద్ధి ఖాతాలో ఏడాదికి లక్షన్నర వేస్తే 45,000 రూపాయల పన్ను మిగులుతుంది. సెస్సు దీనికి అదనం. అంటే ఆయన వేసిన ప్రతి వందకూ ప్రభుత్వం ముప్పై రూపాయలు కలిపినట్టే. దాన్ని ఎవరూ మ్యాచింగ్ అనరు. పన్ను కట్టేంత ఆదాయం లేని కుట్టుమిషన్ ఆమె అదే ఖాతాలో ఏడాదికి 3,000 వేస్తే ఆమెకు వచ్చేది 8.2 శాతం వడ్డీ మాత్రమే. "ఊరికే ఎందుకు వేస్తారు" అన్న ఆమె ప్రశ్నకు నా దగ్గరున్న అసలైన జవాబు ఇదే: కలవారికి ఇప్పటికే వేస్తున్నారమ్మా.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తది కాదు

దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో మొదలైన పొదుపులక్ష్మి సంఘాల్లో ఆడవాళ్లు రోజుకు రూపాయి చొప్పున దాచారు. ఆ రూపాయికి ప్రభుత్వం రూపాయి కలిపే ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలో 2009లో వచ్చింది. అభయహస్తం దాని పేరు. సంఘంలో ఉన్న మహిళ రోజుకు ఒక రూపాయి, ప్రభుత్వం ఒక రూపాయి. అరవై ఏళ్లు దాటాక కనీసం 500 రూపాయల పింఛను. అంతదాకా తొమ్మిది నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లలకు ఏడాదికి 1,200 రూపాయల ఉపకారవేతనం. తర్వాత తెలంగాణలో ఆ పథకం ఆగిపోయింది. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని మహిళలు ఏళ్ల తరబడి అడగవలసి వచ్చింది.

ఈ అనుభవం ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. మ్యాచింగ్ అనేది మాట. మన వాటా ఈ రోజే జేబులోంచి పోతుంది, అవతలివారి వాటా రేపు వస్తుంది. మధ్యలో సంస్థ నిధులు ఆగినా, ప్రభుత్వం మారినా, ఎదురుచూసేది దాచుకున్న మనిషే. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజనలో కేంద్రం మొదట్లో చేరినవారికి, వారి చందాలో సగం లేదా 1,000 రూపాయలు, ఏది తక్కువైతే అది, కలిపింది. ఆ సాయం అయిదేళ్లకే అని ముందే చెప్పింది. గడువు ముందే చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, దాచుకునేవారికి అదే కొండంత ధైర్యం.

చదువు విషయంలో మన ప్రభుత్వాలు ఎక్కువగా నడిచిన దారి మాత్రం మ్యాచింగ్ కాదు, నేరుగా ఇవ్వడం. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి నెగ్గిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 ఇచ్చే జాతీయ ప్రతిభా ఉపకారవేతనం ఉంది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. సుకన్య సమృద్ధి పొదుపే కానీ అందులో ప్రభుత్వ వాటా ఉండదు.

బయట ఎలా నడిచింది

కెనడా 1998లో మొదలుపెట్టిన విద్యా పొదుపు గ్రాంటు బహుశా ఈ తరహాలో అందరికన్నా ఎక్కువకాలం నిలిచినది. పిల్లల చదువు ఖాతాలో ఏడాదికి 2,500 డాలర్ల దాకా వేసినదానికి ప్రభుత్వం 20 శాతం, అంటే గరిష్ఠంగా 500 డాలర్లు కలుపుతుంది. ఒక్కో పిల్లకు జీవితకాలంలో 7,200 డాలర్లు పరిమితి. కొద్ది ఏళ్లకే ఒక సంగతి బయటపడింది: దాచగలిగినవారే ఎక్కువ తీసుకుంటున్నారు. అందుకని తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు మొదటి 500 డాలర్లపై అదనపు శాతం కలిపారు. దాంతోపాటే, తల్లిదండ్రులు ఒక్క డాలరు వేయకపోయినా పేద పిల్లలకు 2,000 డాలర్ల దాకా ఇచ్చే లెర్నింగ్ బాండు తెచ్చారు. అయినా అర్హుల్లో సగానికి పైగా చాలాకాలం ఆ బాండు తీసుకోనేలేదు. ఎందుకంటే దానికీ ఖాతా తెరవాలి, కాగితాలు నింపాలి.

సింగపూర్‌లో 2001 నుంచి తల్లిదండ్రులు వేసినంత ప్రభుత్వమూ వేసే బాలల ఖాతాలు ఉన్నాయి. వాడగా మిగిలింది పిల్లకు పదమూడో ఏడు రాగానే పైచదువు ఖాతాలోకి మారుతుంది. ముప్పై ఏళ్ల లోపు పాలిటెక్నిక్‌కో విశ్వవిద్యాలయానికో వాడుకోవచ్చు.

మన బడి వయసు పిల్లలకు దగ్గరగా ఉన్న ఉదాహరణ ఉగాండాది. ఎయిడ్స్ వల్ల తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లల కోసం పరిశోధకుడు ఫ్రెడ్ సెవామలా బృందం 'సూబి' అనే కార్యక్రమం నడిపింది. వారి భాషలో ఆ మాటకు అర్థం ఆశ. పిల్ల పేరిట బ్యాంకు ఖాతా, ఇల్లు దాచిన ప్రతి వంతుకూ రెండు వంతుల జోడింపు, పక్కన నిలబడి దారి చూపే ఒక పెద్ద తోడు. సాధారణ సాయం మాత్రమే అందిన పిల్లలతో పోలిస్తే వీళ్ల మనోధైర్యం, పరీక్ష మార్కులు, పైచదువు మీద ఆశ మెరుగ్గా ఉన్నాయని ఆ అధ్యయనాలు చూపాయి. ఇందులో డబ్బు చేసిందెంత, పక్కన నిలబడ్డ మనిషి చేసిందెంత అన్నది విడదీయడం కష్టం. నాకైతే ఆ రెండోదాన్ని తక్కువ చేయబుద్ధి కాదు.

అన్ని ఫలితాలూ ఇంత ఆశాజనకంగా లేవు. అమెరికాలోని టల్సా నగరంలో పెద్దవాళ్లతో చేసిన ప్రయోగంలో మ్యాచింగ్ అందినవారు మొదట్లో ఎక్కువగా ఇళ్లు కొన్నారు. పదేళ్ల తర్వాత చూస్తే అందనివారూ వారిని అందుకున్నారు. టల్సా ఉన్న ఓక్లహోమా రాష్ట్రంలోనే 2007 ప్రాంతంలో పుట్టిన శిశువుల మీద మరో ప్రయోగం జరిగింది. అడగకుండానే 1,000 డాలర్లు వేసి తెరిచిన ఖాతా దాదాపు అందరికీ చేరింది. మీరే ఒక ఖాతా తెరిచి డబ్బు వేస్తే మ్యాచింగ్ ఇస్తామన్న అవకాశాన్ని మాత్రం కొద్దిమందే అందుకున్నారు. ఆ వెయ్యి డాలర్ల ఖాతా ఉన్న పిల్లల తల్లులు బిడ్డ చదువు మీద ఆశ నిలుపుకున్నారని కూడా తేలింది, తాము ఒక్క డాలరు వేయకపోయినా సరే.

ఇద్దరు పిల్లలు, ఒకే పథకం

వాదన అసలు ఇక్కడ బిగుసుకుంటుంది. కరపత్రంలోని షరతులే తీసుకుని ఇద్దరు పిల్లలను ఊహించుకుందాం. సనత్‌నగర్‌లో ఒక అమ్మాయి. తండ్రికి ఫ్యాక్టరీలో నెల జీతం. నెలకు 250 చొప్పున పన్నెండు నెలలూ వేశారు. ఏడాదికి 3,000, దానికి మ్యాచింగ్ మరో 3,000.

బోరబండలో ఒక అబ్బాయి. తండ్రిది అద్దె ఆటో. ఏడు నెలలు 250 చొప్పున వేయగలిగారు, 1,750 అయింది. వానాకాలంలో తండ్రికి జ్వరం వచ్చి పదిరోజులు ఆటో ఆగింది. ఖాతాలోంచి 1,000 తీశారు. మిగిలింది 750. మ్యాచింగ్ 750.

సంస్థ ఖర్చు చేసింది మొత్తం 3,750. అందులో అయిదింట నాలుగు వంతులు కాస్త నిలకడ ఉన్న ఇంటికే వెళ్లాయి. అదే సొమ్మును సమానంగా పంచితే ఒక్కొక్కరికి 1,875 వచ్చేది. ఆటో ఇంట్లో పొదుపు అలవాటు లేక కాదు. ఆ ఏడు నెలల్లో వాళ్లు చూపిన పట్టుదల జీతం ఇంటి పట్టుదలకు ఏమీ తీసిపోదు. జ్వరం వచ్చిన నెలలో డబ్బు తీయడం పొదుపు తప్పడం కాదు, పొదుపు చేసిన పనే అది.

మ్యాచింగ్‌ను వ్యతిరేకించేవారి ప్రధాన అభ్యంతరం ఇదే: ఎవరి దగ్గర ఉందో వారికే ఇస్తారు. నేరుగా ఉపకారవేతనం ఇవ్వండి, దాచమని పరీక్ష పెట్టకండి అంటారు వాళ్లు. సమర్థించేవారి మాటలోనూ బలం ఉంది. ఉపకారవేతనం వచ్చినట్టే వచ్చి ఆ నెల అద్దెలో కలిసిపోతుంది. పాస్‌బుక్‌లో నెలనెలా పెరిగే అంకె మాత్రం పిల్లకు "నేను ఇంటర్‌తో ఆగను" అనే నమ్మకాన్ని ఇస్తుంది. పైగా తాము దాచిన డబ్బు కాబట్టి అది దయాధర్మంలా అనిపించదు.

ఈ రెంటి మధ్య దారులు లేకపోలేదు. మొదటి 500 రూపాయలకు మూడింతలు కలిపి, ఆ పైన ఏమీ కలపకపోతే పై ఇద్దరికీ చెరి 1,500 వస్తుంది. సంస్థకు ఖర్చు 3,750 నుంచి 3,000కు తగ్గుతుంది కూడా. జబ్బు కోసం తీసిన సొమ్మును ఆరు నెలల్లో తిరిగి వేస్తే మ్యాచింగ్ పోదని ఒక్క వాక్యం రాసినా బోరబండ అబ్బాయి లెక్క మారిపోతుంది. పథకం మంచిదా చెడ్డదా అని అడిగేకన్నా ఇలాంటి వాక్యం అందులో ఉందా అని చూడటం మేలని నాకు అనిపిస్తుంది.

నూటికి మూడు రూపాయల వడ్డీ ముందు

మన బస్తీల్లో పొదుపు గురించి మాట్లాడుతూ అప్పు గురించి మాట్లాడకపోతే సగం నిజమే చెప్పినట్టు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఇంట్లో అలాంటి అప్పు ఉన్నప్పుడు వంద రూపాయలు పొదుపు ఖాతాలో వేయడమంటే ఆ వందతో అప్పు తీర్చకుండా ఉండటమే.

ఆ వంద నాలుగేళ్లు, అంటే 48 నెలలు ఖాతాలో ఉంటే, తీర్చని అప్పు మీద వడ్డీ 144 రూపాయలు అవుతుంది. అటువైపు మ్యాచింగ్ 100, నాలుగు శాతం చొప్పున ఖాతా వడ్డీ సుమారు 16, మొత్తం 116. రూపాయికి రూపాయి వచ్చినా 28 రూపాయలు నష్టమే. అదే వంద రెండేళ్లే ఆగితే అప్పు వడ్డీ 72, ఇటు వచ్చేది 108. అప్పుడు 36 లాభం. మ్యాచింగ్ ఒక్కటే చూసుకుంటే ముప్పైమూడు నెలల దగ్గర రెండు తక్కెడలూ సమానమవుతాయి. రెండు రూపాయల వడ్డీ అయితే యాభై నెలల దగ్గర.

కాబట్టి గడువు ఎంత అన్నది మ్యాచింగ్ ఎంత అన్నదానితో సమానమైన ప్రశ్న. దీర్ఘకాలం ఆపే పథకం అప్పులేని ఇంటికి వరం, అప్పున్న ఇంటికి బరువు.

హైదరాబాద్‌లో ఈ సొమ్ము ఏ ఖాళీని పూడుస్తుంది

నెలకు 250 చొప్పున నాలుగేళ్లు వేస్తే 12,000, మ్యాచింగ్ 12,000, మొత్తం 24,000. దీంతో ఇంజనీరింగ్ చదివించవచ్చా? లేదు. ఎంసెట్‌గా మనకు అలవాటైన ప్రవేశ పరీక్షలో పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి సాధారణంగా రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000. కాలేజీ ఫీజు 95,000 అనుకుంటే ఏడాదికి 60,000, నాలుగేళ్లకు 2,40,000 ఇల్లు భరించాలి. మన 24,000 అందులో పదో వంతు. మ్యాచింగ్ పొదుపుతో ఫీజుల సమస్య తీరుతుందని ఎవరైనా అంటే ఈ అంకె ముందు పెట్టాలి.

కానీ చదువు ఆగిపోయేది ఎప్పుడూ పెద్ద అంకె దగ్గరే కాదు. కౌన్సెలింగ్ ప్రాసెసింగ్ రుసుము 1,200, ఎస్సీ ఎస్టీలకు 600. డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్‌లో రిజిస్ట్రేషన్ 200. సీటు వచ్చిన వారంలో కాలేజీ అడిగే ఇతర రుసుములు, పుస్తకాలు, డ్రాయింగ్ సామాను, బస్ పాస్, ల్యాప్‌టాప్. ప్రభుత్వం ఇచ్చే ఫీజు తర్వాత వస్తుంది, ఈ డబ్బు మాత్రం ఆ రోజే కౌంటర్ దగ్గర పెట్టాలి. పైగా ప్రభుత్వ బకాయిలు పేరుకుని 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బంద్ పాటించేదాకా వెళ్లింది. బకాయి రాలేదంటూ సర్టిఫికెట్లు ఇవ్వకపోతే ఆ మొత్తం ఇల్లే కట్టి తెచ్చుకోవలసి వస్తుంది. అటువంటి రోజున మూడు రూపాయల వడ్డీ అప్పుకు బదులు చేతిలో 24,000 ఉండటం చిన్న విషయం కాదు.

మరో చోట కూడా ఇది సరిగ్గా అతుకుతుంది. విద్యా రుణం 4 లక్షలు దాటితే, దేశంలో చదువుకు ఖర్చులో 5 శాతం మార్జిన్‌గా కుటుంబమే పెట్టుకోవాలని బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. 5 లక్షల ఖర్చుకు అది 25,000. చాలా ఇళ్లు ఆ మార్జిన్ కోసమే బయట అప్పు చేస్తాయి.

చిక్కంతా దేనికి ఖర్చు పెట్టనిస్తారన్న షరతు దగ్గర వస్తుంది. "కాలేజీకి నేరుగా చెల్లిస్తాం" అనే పథకం ట్యూషన్ ఫీజుకు పనికొస్తుంది. ఆ ఫీజులో కొంత ప్రభుత్వమే ఇచ్చే పిల్లకు అవసరమైన బస్ పాస్‌కు, ల్యాప్‌టాప్‌కు మాత్రం పనికిరాదు. దుర్వినియోగం అవుతుందని సంస్థల భయం, వారి వైపు నుంచి చూస్తే అర్థం లేనిది కాదు. బిల్లు చూపితే దుకాణానికే చెల్లించే పద్ధతి కొన్ని దేశాల్లో ఉంది. మల్లేపల్లి ఐటీఐలో చేరే పిల్లకు ఫీజు కన్నా పనిముట్ల పెట్టె, రోజువారీ ప్రయాణమే ఎక్కువ బరువు కావచ్చు. పైచదువు అనగానే ఇంజనీరింగే గుర్తొచ్చేవాళ్లు రాసిన షరతుల్లో ఆ పెట్టె ఉండదు.

ఎవరి పేరిట, ఎవరి చేతిలో

పదేళ్లు నిండిన పిల్లలు పొదుపు, టర్మ్ డిపాజిట్ ఖాతాలను సొంతంగా నడుపుకోనివ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులకు మరోసారి స్పష్టం చేసింది. ఎంత వరకు, ఏ షరతులపై అన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. కాబట్టి ఖాతా పిల్ల పేరిటే ఉండటంలో అడ్డంకి లేదు. ఉండాలి కూడా. పిల్లల డబ్బును సంస్థే పోగుచేసి తన ఖాతాలో పెట్టుకుని తర్వాత ఇస్తానంటే అది వేరే వ్యవహారం. నియంత్రణ లేని డిపాజిట్ల సేకరణను నిషేధిస్తూ 2019లో చట్టమే వచ్చింది. డిపాజిట్ల పేరిట మునిగినవాళ్లను ఎంతోమందిని చూసిన ఊరు మనది. పిల్ల వాటా పిల్ల పాస్‌బుక్‌లో, సంస్థ వాటా మాత్రమే సంస్థ దగ్గర ఉంటే, రేపు సంస్థ మూతపడినా అసలు భద్రం.

ఆడపిల్ల విషయంలో ఇంకో ప్రశ్న ఉంది. హరియాణా 1994లో ఒక పథకం పెట్టింది. ఆడపిల్ల పుట్టగానే 2,500 రూపాయల బాండు కొంటారు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి కాకపోతే 25,000 చేతికి వస్తుంది. ఆ అమ్మాయిలకు పద్దెనిమిది నిండాక పరిశోధకులు వెళ్లి చూస్తే, చాలా ఇళ్లలో ఆ డబ్బును పెళ్లి ఖర్చు కోసం వచ్చినదిగానే చూశారు. దేనికి వాడాలో చెప్పకుండా పద్దెనిమిదో ఏట చేతికి వచ్చే సొమ్మును మన సమాజం ఎటు మళ్లిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తెలంగాణలో కల్యాణలక్ష్మి కింద పెళ్లికి ఒకేసారి 1,00,116 రూపాయలు అందుతాయి. అదే అమ్మాయి కాలేజీ గేటు దగ్గర నిలబడిన వారంలో ఆమె చేతికి నేరుగా అందే సొమ్ము అలా ఏదీ లేదు. అందుకే "కాలేజీకే చెల్లిస్తాం" అన్న షరతు మీద ఇంతసేపు ఫిర్యాదు చేసిన నేను, ఆడపిల్ల ఖాతా దగ్గరికి వచ్చేసరికి దాన్ని పూర్తిగా తీసేయమని అనలేకపోతున్నాను. షరతు ఉండాలి. అందులో పనిముట్ల పెట్టె, బస్ పాస్ కూడా ఉండాలి.

కరపత్రం దగ్గరికి మళ్లీ

కుట్టుమిషన్ ఆమెతో కూర్చుని ఈ లెక్కలన్నీ ఒక పాత క్యాలెండర్ వెనుక వేశాం. కొత్త మోటారు మిషన్ కోసం తెచ్చిన అప్పు ఇంకా పద్నాలుగు వేలు ఉంది. వడ్డీ నూటికి మూడు. ఆమె నా లెక్క కన్నా త్వరగా విషయం పట్టేసింది. "ఇప్పుడు వేసే డబ్బు నాలుగేళ్లు కదలదు కదా. ముందు రెండేళ్లు ఈ అప్పు తీర్చేస్తాను. ఇంటర్‌లో చేరాక నెలకు 250 వేస్తే, రెండేళ్లకు వాళ్లిచ్చేది ఆరు వేలు. అదే నయం కదక్కా" అంది.

లెక్క సరిగ్గా ఉంది. ఇంటర్‌లో చేరినవాళ్లను తీసుకుంటారేమోనని కరపత్రం తిప్పి చూశాం. పేర్లు తొమ్మిదో తరగతిలోనే, ఈ నెలాఖరులోగా నమోదు చేసుకోవాలని వెనుకవైపు ఉంది. ఖాతా తెరిచి, నెలకు పదో ఇరవయ్యో వేస్తూ పేరు నిలుపుకోవచ్చా అన్నది మాత్రం అందులో లేదు. రేపు బడికి వెళ్లి ఆ ఒక్కటీ అడిగి వస్తానని ఆమె కాగితం మడిచి, కొలతలు రాసుకునే పుస్తకంలో పెట్టుకుంది.